చేతులు వెనక్కి వెళ్లని పన్నెండు జాకెట్లు

ఫోనులో సిగ్నల్ కావాలంటే ఊరి పైనున్న కాఫీ తోట అంచుదాకా ఎక్కాల్సిన కాలం అది. మరీ పాత సంగతేమీ కాదు, ఐదారేళ్ల కిందటి మాట. నాకు పంతొమ్మిదేళ్లు. రాని పని వల్ల కంటే, వచ్చేసిందనుకున్న పని వల్లే మనిషి పరువు ఎక్కువ పోతుందని అప్పటికి నాకెవరూ చెప్పలేదు. చెప్పినా వినేదాన్ని కాదు, చెప్పినవాళ్లకి ఓ పేరు తగిలించి పంపేసేదాన్ని. ఊళ్లో అందరికీ పేర్లు పెట్టడమే నా ఉద్యోగం. నడుస్తూ నడుస్తూ దారి మధ్యలో ఆగి ఆలోచనలో పడే మా చిన్నాన్నకి చెక్‌పోస్టు అని పెట్టాను. ఎవరింట్లో కూర ఉడికినా గుమ్మంలో ప్రత్యక్షమయ్యే ఎదురింటి అత్తకి ఆవిరి అని పెట్టాను. ఆశ్రమ పాఠశాలలో తొమ్మిదో తరగతి మధ్యలో నేను చదువు మానేసింది కూడా ఈ ఉద్యోగం వల్లేనని కొందరు అనుకుంటారు. అది అన్యాయం. లెక్కల మాస్టారికి నేను పెట్టిన పేరు ఆయనకి నచ్చింది కూడా (ఆయన భార్యకి నచ్చలేదు, అది వేరే సంగతి). నేను మానేసింది భిన్నాల వల్ల. ఆరో తరగతిలో అర్థం కాని పావులూ ముప్పావులూ తొమ్మిదో తరగతి దాకా నా వెంటపడి వస్తుంటే, ఇక లాభం లేదని సెలవులకి ఇంటికొచ్చినదాన్ని మళ్లీ వెళ్లలేదు. అంత దూరం పారిపోయి వస్తే చివరికి మెడలో కొలత టేపు రూపంలో అవే వచ్చి కూర్చున్నాయి.

ఆ టేపు నా మెడలో పడడానికి కారణం మా పెద్దమ్మ. మా అమ్మకి అక్క, ఊళ్లో ఆడవాళ్ల సంఘానికి పెద్ద, అంతకు మించి మా ఊరి థింసా ఆట వరసకి మొదటి మనిషి. వరసలో ఆమె కాలు ఎటు పడితే మిగతా కాళ్లన్నీ అటే పడతాయి. సంఘానికి కాలితో తొక్కే కుట్టు మిషన్ ఒకటి వచ్చినప్పుడు ఎవరికివ్వాలని మీటింగు పెట్టారు. బుద్ధిమంతులైన ఆడపిల్లల పేర్లు నాలుగైదు వచ్చాయి. నా పేరు ఎవరూ అనలేదు. పెద్దమ్మే అంది, "మా సెల్లెలి గుంటకిద్దుము. దానికి నోరొక్కటే పని సేత్తన్నాది. కాళ్లకీ సేతులకీ కూడా పని పెడితే నోటికి కాసింత సెలవు దొరుకుతాది." అందరూ నవ్వి ఒప్పుకున్నారు. నా మీద ఇంకొకరు వేసిన జోకుకి ఊరంతా నవ్వడం అదే మొదటిసారి. నాకు బాగా కోపం వచ్చింది, కానీ మిషన్ వచ్చింది కదా అని ఊరుకున్నాను.

నేర్చుకోవడం ఎలాగంటే, తెల్లారి కాఫీ తోట అంచుకి ఎక్కి, ఎవరో పట్నం అక్క కుట్టు నేర్పించే వీడియో చూసి, మొత్తం బుర్రలో పెట్టుకుని, దారిలో ఎవరితోనూ మాట్లాడకుండా కిందికి దిగి మిషన్ దగ్గర కూర్చోవాలి. ఎవరితోనూ మాట్లాడకుండా అన్న చోటే నా చదువు ఆగిపోయేది. ఇంటికొచ్చేసరికి వీడియోలో మొదలూ చివరా గుర్తుండేవి, మధ్యది దారిలో మాటల్లో కలిసిపోయేది. అలా కుట్టిన మొదటి వస్తువు తలగడ గలీబు. నాలుగు వైపులా ఎంత గట్టిగా కుట్టానంటే, తలగడ దూర్చడానికి దారి లేదు. మా అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "బాగున్నాదమ్మా, దోమ కూడా దూరదు" అంది. రెండోది అమ్మకే, కాఫీ పళ్లు కోసి వేసుకోవడానికి నడుముకి కట్టుకునే సంచి. పైనంతా రంగు రంగుల అంచులు పెట్టాను. అడుగున మాత్రం ఒక్క కుట్టే వేశాను, అదీ దూరం దూరంగా. ఆ రోజు అమ్మ పొద్దుటి నుంచి కోస్తూనే ఉంది, సంచి నిండుతూనే లేదు. సాయంత్రం వెనక్కి తిరిగి చూస్తే ఆమె నడిచిన దారంతా ఎర్రగా పళ్లు వరస కట్టి ఉన్నాయట. ఆవిరి అత్త ఆ వరస పట్టుకునే మా అమ్మని వెతుక్కుంటూ వచ్చింది.

ఇవన్నీ నాకు సిగ్గనిపించలేదు. అన్నిటి మీదా జోకులు వేసి నేనే ముందు నవ్వేసేదాన్ని. నవ్వించినంత సేపూ ఎవరూ మనల్ని ఏమీ అనరని నాకు బాగా తెలుసు. అలా నవ్విస్తూ నవ్విస్తూనే ఆరు నెలలకి తిన్నగా కుట్టడం వచ్చింది, చెల్లెళ్లకి రెండు గౌన్లు కుట్టాను, అమ్మకి జాకెట్టు కుట్టాను. అంతే, నేను టైలర్ని అయిపోయాను. టేపు మెడలో వేసుకుని నీళ్లకి కూడా వెళ్లేదాన్ని.

సరిగ్గా అప్పుడే అరకు వెళ్లే రోడ్డు పక్కన కొత్తగా కట్టిన లాడ్జి నుంచి మేనేజరు వచ్చాడు. కింద మైదానం మనిషి, మర్యాదగా మాట్లాడతాడు. ప్రతి శనివారం సాయంత్రం తమ దగ్గర దిగిన వాళ్ల ముందు థింసా ఆడించాలనుకుంటున్నారట, ఒక శనివారం మీరు ఆడి చూపించండి, నచ్చితే ఇక ఎప్పుడూ మీరే అన్నాడు. పక్క ఊరి జట్టుని కూడా చూస్తున్నామని చెప్పాడు. వెళ్తూ వెళ్తూ, "చీరలు ఒకేలా ఉన్నాయమ్మా, జాకెట్లు కూడా ఒకే రంగు అయితే ఫోటోల్లో బాగుంటుంది" అన్నాడు.

ఇందులో మా పెద్దమ్మకి ఏం పట్టుకుందో మీకు చెప్పాలి. ఆమె పెళ్లినాటికి మా ఊరి వరసలో పాతికమంది ఆడేవారట. ఇప్పుడు పన్నెండు మంది. ఆడపిల్లలు పదో తరగతి కాగానే కింద కంపెనీల్లో పనికి వెళ్లిపోతున్నారు, ఉన్నవాళ్లు పెళ్లిళ్లలో, పండగల్లో ఆడడానికి కూడా సిగ్గుపడుతున్నారు. వారం వారం ఆడే చోటు ఒకటుంటే గుంటలు నిలుస్తారని, వరస తెగకుండా ఉంటుందని ఆమె ఆశ. "నాను పోయేలోపు ఈ వరస ఇంకా సిన్నదైపోతే, ఆల్ల ముందు నాకు మొకం సెల్లదే" అనేది. ఆల్లు అంటే తనకంటే ముందు ఆ వరసలో మొదట నిలబడిన ముసలమ్మలు. వాళ్లెవరూ ఇప్పుడు లేరు. అయినా ఆమెకి వాళ్లంటే భయం. అంత పెద్ద సంగతిలో జాకెట్ల పని ఆమె నాకు అప్పజెప్పింది. సంతలో ఒక ముసలి టైలరున్నాడు, ఆమె జాకెట్లన్నీ అతనే కుట్టేవాడు. అతన్ని కాదని నాకిచ్చింది.

కొలతల రోజున మా వాకిట్లో పన్నెండు మందినీ వరసగా నిలబెట్టాను. పట్నం అక్క వీడియోలో ఒక మాట నాకు బాగా ఎక్కింది. జాకెట్టు వంటికి అతుక్కున్నట్టుండాలి, ఒక్క ముడత కనపడకూడదు. చేతులు కిందికి వదిలి, కదలకుండా నిలబడమని ఒక్కొక్కరినీ కొలిచాను. పావు, ముప్పావు వచ్చిన చోట తక్కువ వైపుకే సర్దేశాను (భిన్నాలతో నా పాత గొడవ). పెద్దమ్మ వంతు వచ్చినప్పుడు ఆమె చెయ్యి వెనక్కి చాపి చూపించింది. "ఒలే గుంటా, ఆటలో సేతులు ఎనక్కెల్లాల గదే. కాసింత వదులుంచు."

నేను టేపు తీయకుండానే అన్నాను, "వదులు కావాలంటే ఇంట్లో బియ్యం గోనె ఉన్నాది పెద్దమ్మా. మూడు కన్నాలెడతాను. తలకోటి, సేతులకి రెండు. బేగినే అయిపోద్ది."

పదకొండు మందీ నవ్వారు. పెద్దమ్మ కూడా నవ్వింది. నవ్వు వచ్చిందంటే నేను గెలిచినట్టే లెక్క. ఆమె చెయ్యి దించేసుకుంది. ఆ చెయ్యి దించుకోవడం నేను చూశాను. చూసి కూడా తర్వాత మనిషిని రమ్మన్నాను.

థింసా చూడనివాళ్లకి ఒక్క ముక్క చెబుతాను. వరసలో ప్రతి మనిషీ రెండు చేతులూ పక్కవాళ్ల వీపుల వెనక నుంచి పోనిచ్చి, ఆ అవతల ఉన్న మనిషి చెయ్యి పట్టుకుంటుంది. అలా అల్లుకుని, అందరూ కలిసి ముందుకి వంగుతారు, లేస్తారు. పుట్టినప్పటి నుంచీ చూస్తున్నాను, పదేళ్లప్పటి నుంచీ పెళ్లిళ్లలో తోక చివర చేరి ఆడుతున్నాను. నాకు ఈ సంగతి వీడియో చూసి తెలియాల్సిన పని లేదు. అయినా నేను పన్నెండు మంది మనుషుల్ని కొలవలేదు, పన్నెండు స్తంభాల్ని కొలిచాను.

ఆఖరి జాకెట్టుకి ఆఖరి హుక్కు వేసేసరికి శనివారం మధ్యాహ్నమైంది. వేసుకుని ఆడి చూసే సమయం లేదు. మిరపపండు రంగు జాకెట్లు తొడుక్కుని అందరూ నిలబడితే నిజంగానే ఒక్క ముడత లేదు. కొత్తగా పెళ్లై వచ్చిన మా చిన్న వదిన మాత్రం, "ఊపిరి అందడం నేదు ఆడబడుచా" అంది. "ఫోటోలో ఊపిరి కనపడదులే వదినా" అన్నాను. మళ్లీ నవ్వులు. అందరం జీపెక్కాం. నేను మెడలో టేపు వేసుకునే వెళ్లాను, ఎవరైనా ఎవరు కుట్టారని అడగకపోతారా అని.

లాడ్జి ముందు పచ్చిక మీద నలభై యాభై మంది కుర్చీల్లో కూర్చున్నారు. చిన్నాన్న డప్పు అందుకున్నాడు, పక్కన మోరి ఊదేవాడు గొంతు సవరించుకున్నట్టు నాలుగు స్వరాలు ఊదాడు. వరస లోపలికొచ్చింది. చేతులు విడిగా ఉన్నంతసేపూ అంతా అందంగానే ఉంది. తర్వాత అందరూ చేతులు వెనక్కి పోనిచ్చి అల్లుకున్నారు, ముందుకి వంగారు.

ఎడమ చివర నుంచి మొదలైంది. చర్రున ఒక చప్పుడు. తర్వాత ఆ పక్కన. తర్వాత ఆ పక్కన. చంక కింద నుంచి వీపు దాకా ఒక్కొక్కటే విడిపోతూ, వరసగా ఈ చివరికి వచ్చింది. డప్పు దెబ్బకీ దెబ్బకీ మధ్య పడుతున్న ఆ చప్పుడు విని చిన్నాన్న తనతోపాటు ఇంకెవరో తాళం వేస్తున్నారనుకుని దెబ్బ తప్పి, అలవాటు ప్రకారం మధ్యలో ఆగి ఆలోచనలో పడబోయాడు. పెద్దమ్మ ఒక్క చూపు చూస్తే మళ్లీ అందుకున్నాడు.

అసలు చిక్కు ఇక్కడుంది. ప్రతి జాకెట్టు చిరుగునీ పక్కమనిషి చెయ్యి కప్పి ఉంచింది. అల్లిక విప్పితే పన్నెండు చిరుగులూ బయటపడతాయి. కాబట్టి విప్పడానికి లేదు. విప్పకుండా ఆట ముగించడానికీ లేదు. ఆడుతూనే ఉన్నారు. ఒక పాట అయింది, రెండో పాట అయింది, మోరి ఊదేవాడి బుగ్గలు కందిపోయాయి. కూర్చున్నవాళ్లు ఎంత ఓపికో అని చప్పట్లు కొడుతున్నారు. చివరికి పెద్దమ్మ అడుగు మార్చింది. గుండ్రంగా తిరుగుతున్న వరసని పాములా చాచి, ఒక్క చెయ్యి కూడా విడవకుండా, కుర్చీల మధ్యలోంచి, తోట పక్కనుంచి, నెమ్మదిగా ఆడించుకుంటూ వంటిల్లు వెనక్కి తీసుకుపోయింది. చూడడానికొచ్చినవాళ్లలో ఒకావిడ సరదా పుట్టి తోకలో చేరిపోయింది. ఆవిడ చెయ్యి విడిపించి, నవ్వు మొహంతో వెనక్కి పంపించేసరికి నాకు చెమటలు పట్టాయి.

వంటింటి వెనక అందరూ దొరికిన తువ్వాళ్లూ కొంగులూ కప్పుకున్నారు. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే ఏదో ఒకటి తిరిగి అనేదాన్ని. చిన్న వదిన గోడ వైపు తిరిగి నిలబడింది. ఇంతలో మేనేజరు వచ్చాడు. తువ్వాళ్లు చూశాడు, ఒకరి భుజం మీద వేలాడుతున్న ఎర్ర గుడ్డ చూశాడు. కోపంగా ఏమీ లేడు. "ఇవెవరమ్మా కుట్టింది?" అన్నాడు.

సిగ్గుపడాల్సిన పని అప్పుడు చేశాను. నా చెయ్యి దానంతటదే మెడ దగ్గరికి పోయింది. టేపుని నెమ్మదిగా, ఒక వైపు నుంచి లాగి, చుట్టి, పిడికిట్లో దాచేసింది.

పెద్దమ్మ చూసింది. నా పిడికిలి వైపు ఒకసారి, మేనేజరు వైపు ఒకసారి. "నానే కుట్టినాను బాబూ. కళ్లు ఆనడం నేదు, కుట్టు సరిగ్గా పడనేదు" అంది.

"అయ్యో, పర్లేదమ్మా" అన్నాడతను. "వచ్చే వారం నుంచి పక్క ఊరివాళ్లని రమ్మంటాంలెండి, మీకెందుకు ఇబ్బంది" అన్నాడు.

ఇంటికెళ్లాక అమ్మ, "ఏటి, నోరు పడిపోనాదా" అని అడిగింది. ఆ తర్వాత రెండు వారాలు నేను మిషన్ మీద గోనె కప్పేసి, పెద్దమ్మ ఇంటి ముందు నుంచి కాకుండా పై గట్టు మీదుగా నీళ్లకి వెళ్లేదాన్ని. ఊళ్లో అప్పుడే కథ మారిపోయింది. జాకెట్లు కుట్టింది నేనని ఊరందరికీ తెలుసు, అయినా మా పెద్దమ్మ లాడ్జిలో అన్న మాట కాబట్టి ఎవరూ నా పేరు ఎత్తడం లేదు. తిట్టని ఊళ్లో తిరగడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. పనికెళ్లిపోదామని అనుకున్న ఇద్దరు గుంటలు శనివారాలు మనవి కావని తెలియగానే బ్యాగులు సర్దుకున్నారు. ఒకామె వెళ్లిపోయింది కూడా. వరస పదకొండైంది.

మూడో వారం పెద్దమ్మే వచ్చింది, చంకలో మూట. పన్నెండు జాకెట్లు. నా ముందు పడేసి, "ఇప్పు" అంది.

నేను రెండు వారాలుగా మనసులో కుట్టి పెట్టుకున్న మాట అన్నాను. "పెద్దమ్మా, లాడ్జికెల్లి కుట్టింది నానేనని సెప్పేత్తాను."

"సెప్పి? ఇప్పుడు సెప్తే నీ తప్పోటీ, నా అబద్దమోటీ, రెండవుతాయి. నోరు మూసుకుని కత్తెరట్టుకో."

"నువ్వెందుకలా అన్నావు మరి?"

ఆమె అరుగు మీద కూర్చుని మోకాలు రుద్దుకుంది. "నాను కుట్టినానంటే ముసిల్దని నవ్వి మర్సిపోతారు. నీ పేరు సెప్తే నీ కాడికి ఇంకెవలైనా గుడ్డట్టుకొత్తారా? మీటింగులో నిన్ను తెచ్చి నిలబెట్టింది నానే గదే." తర్వాత అంతే మామూలుగా, "ఆ రోజు గోనె మాట మాత్రం బాగున్నాది. ఇంటికెల్లినాక కూడా నవ్వొచ్చినాది" అంది. నాకు ఏడుపొచ్చింది. మొహం కనపడకుండా జాకెట్టు కుట్లు విప్పడం మొదలుపెట్టాను.

ఆమె పాత జాకెట్టు ఒకటి అడిగి తీసుకున్నాను, సంత టైలరు కుట్టినది, నేను గోనెతో పోల్చినంత వదులైనది. కుట్లు విప్పి చూస్తే చంక లోపల ఒక చిన్న నాలుగు మూలల ముక్క వేసి ఉంది. చెయ్యి ఎటు తిరిగితే అటు సాగడానికి. ఇన్నేళ్లూ ఆమె చెయ్యి వరసలో అంత తేలిగ్గా తిరిగింది ఆ అరచేయంత గుడ్డ వల్ల. మర్నాడు పదకొండు మందినీ మా వాకిట్లో అల్లుకుని నిలబడమన్నాను. చిన్నాన్నని నెమ్మదిగా డప్పు కొట్టమన్నాను. వాళ్లు వంగుతూ లేస్తూ ఆడుతుంటే, నేను మధ్య మధ్యలో దూరి, మోకాళ్ల మీద పాకుతూ, చేతుల కింద టేపు పెట్టి కొలిచాను. రెండుసార్లు తొక్కారు. అందులో ఒకటి చిన్న వదిన కావాలనే తొక్కిందని నా నమ్మకం, అడగలేదు. ముప్పావు వచ్చిన చోట ముప్పావే రాసుకున్నాను.

మేము ఎదురుచూసిన శనివారం రెండు నెలలకి వచ్చింది. పక్క ఊళ్లో పెళ్లి ఉండి వాళ్ల జట్టు రాలేకపోతే, లాడ్జి వాళ్లు మాకు కబురు పంపారు. వరసలో పన్నెండో మనిషిగా నేను నిలబడ్డాను, అదే రంగు జాకెట్టు వేసుకుని. చేతులు వెనక్కి వెళ్లాయి, వంగాం, లేచాం. నా చెవులు రెండూ వీపుల మీదే ఉన్నాయి. ఒక్క చప్పుడు లేదు. ఆట అయ్యాక మేనేజరు పెద్దమ్మ దగ్గరికి వచ్చాడు. ఒక వారం వాళ్లు, ఒక వారం మీరు ఆడండి అన్నాడు. ఆ మాట విని పెద్దమ్మ మొహం ఎలా అయిందో నేను రాయలేను. తర్వాత అతను ఆమె జాకెట్టు చూసి, "ఈసారి బాగా కుట్టావమ్మా, పని నేర్చేసుకున్నావు" అన్నాడు.

నా నాలుక చివర మాట సిద్ధంగా ఉంది. ఇలాంటప్పుడు అది ఎప్పుడూ ఆలస్యం చేయదు. పెద్దమ్మ నన్ను కంటి చివర నుంచి చూసింది, అతనితో చాలా వినయంగా, "అవును బాబూ, బేగినే నేర్సుకున్నాను" అంది. నేను తల దించుకున్నాను. తప్పు ఆమెకిచ్చేసినదాన్ని, మెప్పు ఏ మొహంతో అడుగుతాను.

ఇప్పుడు నాలుగైదు ఊళ్ల థింసా జట్లు నా దగ్గరే కుట్టించుకుంటాయి. మా వరస పదిహేడుకి వచ్చింది, వెళ్లిపోయిన గుంట కూడా తిరిగొచ్చింది. మేనేజరు మాత్రం ఇప్పటికీ మా పెద్దమ్మనే టైలరమ్మా అని పిలుస్తాడు, ఆమె కిమ్మనకుండా పలుకుతుంది, పక్కనే నిలబడి నేను వింటాను. నెలకి రెండుసార్లు పడే శిక్ష అది, నాకు సరిపడేదే. మొన్న శనివారం ఆట ముగించుకుని ఇద్దరం రోడ్డు వారగా నడిచి వస్తుంటే, మెడలో టేపు వేసుకుని నీళ్లకెళ్లిన ఆ పంతొమ్మిదేళ్ల గుంట గుర్తొచ్చి నాలో నేనే నవ్వుకున్నాను. పాపం, ఎంత ధీమాగా నడిచేదో. పెద్దమ్మ ఆగి, "ఎందుకే నవ్వుతన్నావు" అని అడిగింది. ఏమీ లేదన్నాను. ఆమె నమ్మలేదు, కానీ అడగనూ లేదు. "ఈ కుడి సేతికాడ కాసింత బిగిసినాదే, ఒళ్లొచ్చిందేమో" అంటూ, వచ్చేపోయే జీపుల మధ్య, నడి రోడ్డు మీద చెయ్యి వెనక్కి చాపి నిలబడింది. నేను సంచిలోంచి టేపు తీశాను.